కల్పన పత్రం

ఓడీల్ కెంగ్నే చదువు పూర్తయి పదిహేడు నెలలైంది. డ్రెస్డెన్‌లో ఆహార సాంకేతిక శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాక, విద్యార్థిగా ఇచ్చిన నివాస కార్డు వెనక్కి తీసుకుని పద్దెనిమిది నెలల గడువుతో ఇంకో కార్డు చేతిలో పెట్టారు. ఆ లోపు చదువుకు తగ్గ ఉద్యోగం చూసుకుంటే ఈ దేశంలో ఉండవచ్చు. లేకపోతే పెట్టె సర్దుకుని కామెరూన్ విమానం ఎక్కాలి. గడువు నవంబరు ముప్పయ్యో తేదీ.

డెబ్భై మూడు చోట్లకు దరఖాస్తు పెట్టింది. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒక పాల కంపెనీవాళ్ళు మాత్రం రెండుసార్లు పిలిచి మాట్లాడారు. రెండోసారి, అంతా బాగుందనుకుని లేవబోతుంటే, మీ కార్డు ఎప్పటిదాకా ఉందని అడిగారు. చెప్పింది. కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు. ఉద్యోగం చూపిస్తేగాని కార్డు రాదు, కార్డు చూపిస్తేగాని ఉద్యోగం రాదు. దీన్ని ఎక్కడ పట్టుకుని లాగితే ముడి విడుతుందో ఆమెకు అర్థం కాలేదు.

ఈలోగా బతకాలి కాబట్టి లిండెన్‌బాఖ్‌లో హైనిష్ వాళ్ళ బేకరీలో కౌంటర్ దగ్గర నిలబడింది. తను ఉండే కెమ్నిట్స్ నుంచి రైల్లో నలభై నిమిషాలు, నది ఒడ్డున చిన్న ఊరు. పొద్దున్న ఐదున్నరకి షాపు తెరవాలి. ఆ వేళకి లేచి పనికి వచ్చేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఓడీల్ వచ్చేది. మొదట్లో ఆమెను చూసి తడబడిన ముసలివాళ్ళే ఇప్పుడు తమ మోకాళ్ళ నొప్పులూ కోడళ్ళ సంగతులూ ఆమెకే చెప్పుకుంటున్నారు.

యజమాని గూద్రున్ హైనిష్‌కి అరవై ఒకటి. ఎనిమిదేళ్ళ కిందట భర్త పోయినప్పటినుంచి బేకరీని ఆవిడే నడుపుతోంది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ గమనిస్తుంది. పనివాళ్ళందరినీ నువ్వు అనే పిలుస్తుంది. ఆవిడ్ని మాత్రం అందరూ హైనిష్ గారూ అనే అంటారు.

అక్టోబరు చివర్లో ఆవిడ డిసెంబరు నెల డ్యూటీలు రాస్తోంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలూ ఆ బేకరీకి ఏడాదంతటి పని. ఓడీల్ పేరు ఎదురుగా వరసగా గీతలు పెట్టుకుంటూ పోతుంటే, డిసెంబరులో నేనిక్కడ ఉంటానో ఉండనో అని ఓడీల్ నెమ్మదిగా చెప్పింది. హైనిష్ పెన్సిలు ఆగిపోయింది. చదువుకున్న పిల్ల, పన్ను కడుతున్న పిల్ల, ఇలాంటివాళ్ళ విషయం ఎప్పుడో తేలిపోయి ఉంటుందనే ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది. కౌంటర్ పని ఉద్యోగం కాదా అని అడిగింది. కార్డు ఇచ్చేవాళ్ళ లెక్కలో కాదని ఓడీల్ చెప్పింది.

మూడు రోజులు ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. నాలుగో రోజు కౌంటర్ వెనక ఉన్న చిన్న గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నిన్ను నాణ్యతాధికారి అని రాస్తాను. ఆ హోదాకి ఎంత జీతం ఇవ్వాలో అంతా ఇస్తాను, అందులో మోసం లేదు. కానీ ఆ పేరు కాగితం వరకే. నువ్వు ఎప్పట్లాగే కౌంటర్ దగ్గరే ఉంటావు. నాకు కావలసింది పొద్దున్న ఐదున్నరకి తలుపు తీసే మనిషి."

ఓడీల్ ఆలోచించుకుని చెబుతానంది. హైనిష్ విస్తుపోయింది. ఇందులో ఆలోచించడానికి ఏముందో ఆవిడకి తెలియలేదు.

ఆ ఆదివారం ఓడీల్ కెమ్నిట్స్‌లోనే ఉండే పెలజీ అక్క ఇంటికి వెళ్ళింది. పెలజీ సొంత అక్క కాదు, కామెరూన్‌లో, బాఫుసామ్‌లో వాళ్ళ వీధి మనిషి. ఇక్కడ వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఊరినుంచి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి అన్నం పెట్టేది ఆవిడే. ఆ రోజు చేదాకు వేరుశనగ కూర, వేయించిన అరటికాయ ముక్కలు పెట్టి, ఓడీల్ చెప్పిందంతా విని, తేలిగ్గా నవ్వేసింది. పేరు వాళ్ళకి, జీతం నీకు, ఇంకేం కావాలే పిచ్చిదానా అంది. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళలో సగంమంది మొదటి మెట్టు ఇలాంటిదేనని, వాళ్ళ పేర్లు కూడా చెప్పింది.

"లేని పని ఉందని రాస్తే కింద సంతకం పెట్టేది నేను కదక్కా," అంది ఓడీల్. "రేపు ఆఫీసులో కూర్చోబెట్టి మీరేం చేస్తారమ్మా అని అడిగితే ఏం చెప్పను? రొట్టెలు సంచిలో వేసి ఇస్తానని చెప్పనా?"

పెలజీ అరటికాయ ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది.

"అయితే ఆ పని చెయ్యి. ఎవరు వద్దన్నారు? చదివింది అదేగా."

ఓడీల్‌కి ఇంత చిన్న మాట తనకెందుకు తట్టలేదా అనిపించింది. మర్నాడు హైనిష్‌తో ఒప్పుకుంటున్నానని చెప్పింది. ఒంటిగంటకి కౌంటర్ దిగాక రోజూ రెండు గంటలు బట్టీలో సరుకులూ రికార్డులూ చూస్తానని, అందుకు అనుమతి కావాలని అడిగింది. హైనిష్ భుజాలు ఎగరేసింది. నీ ఇష్టం, ఊవెకి మాత్రం అడ్డం పడకు అంది.

ఊవె ఆ బట్టీకి ముప్పయ్యేళ్ళనుంచి పెద్ద మేస్త్రీ. పెద్ద చేతులు, చిన్న కళ్ళు, ఎవరిమీదా నమ్మకం లేని మనిషి. ఓడీల్ తెల్ల కోటు వేసుకుని పిండి బస్తాల మధ్య నోట్‌బుక్ పట్టుకుని తిరుగుతుంటే, "డాక్టరమ్మ వచ్చింది, బస్తాల నాడి చూస్తుంది, అందరూ దగ్గడం ఆపండి," అనేవాడు. ఆమె పట్టించుకోలేదు. రెండో వారంలో, పిండి పులిసే గదిలోని థర్మామీటర్ రెండు డిగ్రీలు తప్పు చూపిస్తోందని కనిపెట్టింది. ఏడాదిగా రై రొట్టె అప్పుడప్పుడు ఎందుకు పగులుతోందో ఊవెకి అప్పుడు తెలిసింది. థాంక్స్ చెప్పలేదు. కానీ మర్నాడు ఆమె వచ్చేసరికి ఒక మూల చిన్న బల్ల ఖాళీ చేసి, తుడిచి ఉంది.

నవంబరు ఇరవై ఒకటిన విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరికింది. బక్కపల్చని అధికారి కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. కార్మిక శాఖ అంగీకారం రావాలి, దానికి సమయం పడుతుందన్నాడు. ఆమె చేసే పనుల వివరమైన జాబితా, యజమాని సంతకంతో, జనవరి మొదటి వారంలోగా పంపమన్నాడు. అప్పటిదాకా ఉండటానికి ఒక మడత కాగితం ఇచ్చాడు. పాత కార్డు ముప్పయ్యో తేదీన చచ్చిపోతుంది. కానీ నిర్ణయం వచ్చేవరకు అది బతికే ఉన్నట్టు చట్టం అనుకుంటుంది. అలా అనుకుంటున్నట్టు చెప్పే కాగితం అది. దాని పేరుకి అక్కడి భాషలో అర్థం కల్పన పత్రం అని.

తిరుగు రైల్లో ఓడీల్ ఆ కాగితాన్ని విప్పి చాలాసేపు చూసింది. కిటికీ బయట మంచు ఇంకా పట్టని బూడిదరంగు పొలాలు వెళ్ళిపోతున్నాయి. ఇక్కడికి వచ్చి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో ఆమె జర్మన్‌లో కలలు కనడం నేర్చుకుంది. రెండుసార్లు ఇల్లు మారింది. ఒక ప్రేమ చెడగొట్టుకుంది. పైన ఒక దంతం తీయించుకుంది. ఇదంతా జరిగింది, నిజంగా జరిగింది. అయినా ఇకనుంచి ఇక్కడ ఆమె ఉండటం మాత్రం ఒక కల్పన. ఆమెకు కోపం రాలేదు. ఏదో వింతగా మాత్రం అనిపించింది. ఈ మాట ఎవరితోనైనా పంచుకుని నవ్వాలనిపించింది. పక్క సీట్లో ముసలాయన నిద్రపోతున్నాడు.

జాబితా నువ్వే రాయి, నేను సంతకం పెడతాను అంది హైనిష్. ఓడీల్ ఒక ఆదివారమంతా కూర్చుని రాసింది. వచ్చిన సరుకు సరిచూడటం, ఎవరికి ఏ పదార్థం పడదో ఆ వివరాలు లేబుల్ మీద సరిగా ఉన్నాయో లేదో చూడటం, పొయ్యిల వేడి, శుభ్రత, రికార్డులు. ఇవన్నీ త్వరగానే అయ్యాయి. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. 'లోపం కనబడితే తయారీని, అమ్మకాన్ని ఆపుతుంది' అని రాసింది. హైనిష్ మొహం గుర్తొచ్చింది. కొట్టేసి, 'ఆపమని యజమానికి సలహా ఇస్తుంది' అని రాసింది. ఆ కాగితం వెళ్ళి హైనిష్ డ్రాయర్‌లో పడింది. పండగ రద్దీలో ఆవిడకి దాన్ని చదివే తీరిక దొరకలేదు.

డిసెంబరు మొదటి గురువారం, మధ్యాహ్నం రెండింటికి, ఓడీల్ ఖాళీ బస్తాలు లెక్క చూస్తోంది. క్రిస్మస్‌కి చేసే స్టోలెన్ రొట్టెల్లో కిస్‌మిస్, పాకం పట్టిన నారింజ తొక్కలు, బాదం ముక్కలు పడతాయి. బాదం ఎప్పుడూ ఒకే వర్తకుడి దగ్గరనుంచి వస్తుంది. బస్తా అదే, రంగు అదే. అట్టడుగున చిన్న అక్షరాల్లో మాత్రం ఒక వాక్యం కొత్తగా ఉంది. బాదం ముక్కలు, జీడిపప్పు ముక్కలు పదిహేను శాతం. సరుకుతో వచ్చిన చీటీ వెతికి తీసింది. మామూలు సరుకు అయిపోయినందున బదులు పంపుతున్నామని అందులో రాసి ఉంది. కింద ఊవె సంతకం.

ఆమె రికార్డు పుస్తకం తిరగేసింది. ఐదు బస్తాలు, మూడు రోజుల తయారీ, నాలుగు వందల పది స్టోలెన్‌లు. అరవై రెండు అమ్ముడయ్యాయి. మిగిలినవి కింద చల్లటి గదిలో వెన్న, చక్కెర పీల్చుకుంటూ మాగుతున్నాయి. మర్నాటినుంచి అవే షాపులోకి వస్తాయి, సోమవారం పార్సిళ్ళలో వెళతాయి. ప్రతిదాని మీదా ఒకటే లేబుల్. బాదం. జీడిపప్పు మాట ఎక్కడా లేదు. అది పడనివాళ్ళు తింటే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

ముందు ఊవెకి చూపించింది. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని రెండుసార్లు చదివి, ఒక బస్తా మీద కూలబడ్డాడు. చీటీ చదవకుండానే సంతకం పెట్టానన్నాడు. జీడిపప్పు తిని ఎవరైనా పోవడం నా జన్మలో చూళ్ళేదు అని గొణిగాడు.

"నేను చూశాను," అంది ఓడీల్. "యూనివర్సిటీ క్యాంటీన్లో, నా పక్క బల్ల దగ్గర. ఆ అమ్మాయి బతికింది. కానీ నేను చూశాను."

ఊవె చీటీ మడిచి ఆమె చేతికిచ్చాడు.

హైనిష్ చిన్న గదిలో ఆర్డర్లు చూసుకుంటోంది. ఓడీల్ బస్తా ముక్కా చీటీ బల్ల మీద పెట్టి విషయం చెప్పింది. మిగిలినవాటికి కొత్త లేబుల్ వేసేదాకా ఒక్కటి కూడా అమ్మకూడదు. అమ్మినవి ఎవరి ఇంట్లో ఉన్నాయో వాళ్ళకి చెప్పాలి. ఆహార తనిఖీవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. షాపు అద్దం మీద నోటీసు పెట్టాలి. హైనిష్ చివరిదాకా విని, నోటీసు అన్న మాట దగ్గర తలెత్తింది.

"ఈ షాపు మా మామగారి తండ్రి పెట్టింది. ఆ అద్దం మీద చావు సెలవు చీటీ తప్ప ఇంకేదీ అతికించలేదు. క్రిస్మస్ రోజుల్లో, ఊరంతా చూస్తుండగా, మా రొట్టె తినకండని నా చేత్తో నేను రాయాలా?"

తినకండని కాదు, జీడిపప్పు పడనివాళ్ళు తినకండని అని ఓడీల్ సర్దిచెప్పబోయింది. హైనిష్ వినలేదు. అంత కొంచెం ముక్కలకి ఎవరికీ ఏం కాదంది. కొత్త లేబుళ్ళు సోమవారం చూద్దామంది. అమ్మినవి అమ్మినవేనంది. ఆఖరికి, గొంతు పెంచకుండానే అంది.

"ఆ పేరు ఆఫీసువాళ్ళ కోసం రాశానమ్మాయ్, నాకు పాఠం చెప్పడానికి కాదు. నీ కాగితం ఇంకా నా డ్రాయర్లోనే ఉంది. గుర్తుందా?"

"గుర్తుంది," అంది ఓడీల్. "ఆ బస్తా చూసినప్పటినుంచీ అది తప్ప నాకింకేమీ గుర్తు లేదు."

హైనిష్ చూపు పక్కకి తిప్పుకుంది. తన నోట అలాంటి మాట వచ్చినందుకు ఆవిడకే సిగ్గేసిందో ఏమో, చెంపలు ఎర్రబడ్డాయి. ఓడీల్ మాట ఆపలేదు. రేపు పొద్దున్న ఎప్పట్లాగే తలుపు తీస్తాను, మామూలు రొట్టెలన్నీ అమ్ముతాను, ఆ స్టోలెన్‌లు మాత్రం నా చేత్తో ఎవరికీ ఇవ్వను, తనిఖీవాళ్ళకి మీరు చెయ్యకపోతే ఫోన్ నేను చేస్తాను, తర్వాత మీ ఇష్టం అని చెప్పి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, బయటికి వచ్చేసింది.

రైల్లో కూర్చుంది. చేసింది తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. కానీ ఒప్పు చేసినవాళ్ళకి కలుగుతుందనే ధైర్యం కూడా కలగలేదు. కామెరూన్‌లో ఉన్న చెల్లెలికి ఏమని చెప్పాలి, గదిలో సామాను ఎవరికి ఇవ్వాలి, చలికోటు అక్కడ పనికిరాదు కదా, ఇలాంటివే వరసగా బుర్రలోకి వచ్చాయి. పెలజీకి ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేసింది. ఎవరైనా ఓదారిస్తే ఏడుపు వస్తుందని భయం.

పొద్దున్న ఐదింటికి వెళ్ళేసరికి షాపులో దీపం వెలుగుతోంది. హైనిష్ కౌంటర్ మీద వంగి, పెద్ద అక్షరాలతో అట్ట మీద ఏదో రాస్తోంది. పక్కన నలిపి పారేసిన కాగితాలు నాలుగైదు ఉన్నాయి. స్టోలెన్‌ల అర ఖాళీగా ఉంది. ఓడీల్ వైపు చూడకుండానే ఆవిడ అడిగింది.

"చూడు, 'క్షమించండి' అని ముందు రాయాలా, చివర్లో రాయాలా?"

"ముందు జీడిపప్పు అని రాయండి," అంది ఓడీల్. "కాస్త పెద్దగా."

ఆవిడ ఇంకో అట్ట తీసుకుంది.

ఏడింటినుంచి ఇద్దరూ ఫోన్ పట్టుకున్నారు. మధ్యలో తనిఖీవాళ్ళతో హైనిష్ స్వయంగా మాట్లాడింది. అరవై రెండులో చాలావరకు ఎవరు కొన్నారో మొహాలు ఓడీల్‌కి గుర్తే, పేర్లు హైనిష్‌కి గుర్తు. ఒక ముసలావిడ సగం తినేశానని, అద్భుతంగా ఉందని, ఇంకోటి పక్కన పెట్టమని చెప్పింది. ఒకాయన పావుగంటసేపు వినియోగదారుల హక్కుల గురించి ఉపన్యాసమిచ్చాడు. పిల్లల బడి వంటావిడ, బడిలో శనివారం పెట్టే క్రిస్మస్ సంతకని ఆరు తీసుకుంది. ఆవిడ కోప్పడలేదు. "మేం మీ లేబుల్ చూసే కదండీ కొంటాం," అంది, అంతే. హైనిష్ ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని మీదినుంచి చెయ్యి తీయలేదు.

పదకొండు మాత్రం దొరకలేదు. దారిన పోయేవాళ్ళు కొన్నవి. ఎక్కడివాళ్ళో తెలియదు. రేడియోలోనూ జిల్లా పత్రికలోనూ ప్రకటన వచ్చింది. ఎవరికైనా ఏమైనా అయినట్టు కబురు రాలేదు. కానీ ఆ నెలంతా తలుపు గంట మోగినప్పుడల్లా ఓడీల్ ఆ పదకొండు మందిలో ఎవరో వచ్చారేమోనని ఉలిక్కిపడేది. ఏ ఇంట్లో, ఏ బల్ల మీద, ఎవరి పిల్లలు ఆ ముక్క కోసుకుంటున్నారో అనిపించేది. చదువుకున్న రోజుల్లో ఇదంతా పరీక్షల కోసం రాసిన జవాబు. ఇప్పుడు దానికి మొహాలు వచ్చాయి.

శని, ఆదివారాలు ముగ్గురూ కింది గదిలో కూర్చుని కొత్త లేబుళ్ళు అంటించారు. ఊవె అంటించినవన్నీ వంకరగా పోయాయి. నోటీసు చూసి కొందరు మొహం చాటేశారు. కొందరు దాన్ని చూసే లోపలికి వచ్చారు. ఆ ఏడాది అమ్మకం తగ్గిందో లేదో హైనిష్ ఎవరికీ చెప్పలేదు, ఓడీల్ అడగలేదు.

క్రిస్మస్ వెళ్ళాక, షాపు మూసిన ఒక మధ్యాహ్నం, హైనిష్ డ్రాయర్ లాగి ఆ జాబితా తీసింది. మొదటిసారి పూర్తిగా చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, వేలు పెట్టి, పైకి చదివింది.

"సలహా ఇస్తుందా? ఆ రోజు నువ్విచ్చింది సలహానా?"

ఆవిడ కలం తీసి ఆ మాట కొట్టేసి, పైన 'ఆపుతుంది' అని రాసింది. రాసి, కింద సంతకం పెట్టి, దిద్దుబాటు పక్కన ఇంకో చిన్న సంతకం పెట్టింది. కాగితం ఇస్తూ, జనవరినుంచి కౌంటర్‌కి మనిషి కోసం ప్రకటన ఇస్తున్నానని, దొరికేదాకా మాత్రం పొద్దున్న తలుపు నువ్వే తియ్యాలని చెప్పింది. డ్రాయర్ గురించి అన్న మాటకి క్షమాపణ అడుగుతుందేమో అని ఓడీల్ ఒక క్షణం చూసింది. ఆవిడ అడగలేదు. కాఫీ పెట్టింది.

కార్యాలయం నుంచి ఫిబ్రవరి రెండో వారంలో పిలుపు వచ్చింది. అదే బక్కపల్చని అధికారి. ఆ చివరి వాక్యం గురించి గాని, దిద్దుబాటు గురించి గాని ఆయన ఏమీ అడగలేదు. వారానికి నలభై గంటలు అన్నది సరైనదేనా అని మాత్రం అడిగాడు. అవునంది. వేలిముద్రలు తీసుకున్నాడు. మడత కాగితం వెనక్కి తీసుకున్నప్పుడు ఓడీల్‌కి దానిమీద కొంచెం మమకారం లాంటిది కలిగింది. కొత్త కార్డు చేతికి రావడానికి ఇంకో నెల పట్టింది. నాలుగేళ్ళ గడువు. మొదటి రెండేళ్ళు వేరే ఉద్యోగానికి మారాలంటే ఆ కార్యాలయాన్నే అడగాలి. ఇది చూసి పెలజీ, ఒక తాడు విప్పి ఇంకో తాడు కట్టారన్నమాట అని నవ్వి, అయినా ఇది పొడుగు తాడేలే అని ఓడీల్‌ని గట్టిగా కావలించుకుంది.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం ఓడీల్ తన మూల బల్ల దగ్గర కూర్చుని వెన్న సరుకు వివరాలు రాసుకుంటోంది. ఊవె చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడకి ఏడాది సెలవుల పట్టిక తగిలించి, పెన్సిలు ఆమె చేతికిచ్చాడు. వేసవిలో ఇద్దరం ఒకేసారి పోతే కుదరదు, ఆగస్టులో ఎప్పుడు కావాలో ముందే గీసుకో, తర్వాత నాతో గొడవ పెట్టుకోకు అన్నాడు.

ఓడీల్ పట్టిక ముందు నిలబడింది. ఏళ్ళ తరబడి ఆమె బుర్రలో ఉన్న తేదీలన్నీ ఏదో ఒకటి ముగిసిపోయే తేదీలు. ఆగస్టు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. గళ్ళు తెల్లగా, వరసగా, ఖాళీగా ఉన్నాయి.

"తొందర లేదులే," అన్నాడు ఊవె, ఆమె మొహం చూసి. "రేపు చెప్పు."

ఆమె తల ఊపింది. పెన్సిలు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.